మిద్దె మీద మే నెల

మండుటెండల్లో కుండీలోని కూరగాయ మొక్క బతికేది వేళకు అందే కొలత నీళ్ల మీద. ఆ వేళను, ఆ కొలతను తప్పనివ్వని సాధనం డ్రిప్. మిద్దెతోటలో దాన్ని ఎలా అమర్చుకోవాలి? ఏ మొక్కకు ఎంత నీరివ్వాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఉగాది వెళ్లిన నెలకే మిద్దె మీద పరిస్థితి మారిపోతుంది. మార్చిలో పూతతో కళకళలాడిన టమాటా ఏప్రిల్ చివరికి మధ్యాహ్నమయ్యేసరికి తల వేలాడేస్తుంది. వంగ ఆకుల అంచులు మాడతాయి. బీర పిందెలు వేలెడంత కాకముందే పసుపు తిరిగి రాలిపోతాయి. కర్తరి మొదలయ్యాక పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఆనవాలు లేకుండా పోతాయి. ఇక రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, కుండీలో మొక్క సంగతి చెప్పాలా?

పైగా మన ఇళ్లలో పెళ్లిళ్లు, సెలవులు, ఊరి ప్రయాణాలు అన్నీ ఆ రోజుల్లోనే. ఇంటికి తాళం వేసి రెండు రోజులు వెళ్లొస్తే చాలు, నాలుగు నెలలు సాకిన తోట ఎండుకట్టెలై కనిపిస్తుంది. వేసవి రాగానే కుండీలు బోర్లించి మళ్లీ మృగశిర దాకా మిద్దె ఎక్కని కుటుంబాలు ఎన్నో. తోటను ఇష్టంగా పెంచుకునేవాళ్లు కూడా చాలామంది ఇక్కడే ఓడిపోతున్నారు. ఓడిపోనక్కర్లేదు. ఎండను ఆపలేకపోయినా, ఆ ఎండకు సరిపడా నీరు సరైన చోట, సరైన వేళ పడేలా చూసుకోవడం మన చేతిలో ఉంది.

తెలుగు నగరాల్లో మిద్దెతోట ఇప్పుడు కొత్త మాట కాదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివార్లలోని తన ఇంటి మీద కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి, వందలాది ఇళ్లకు స్ఫూర్తినిచ్చారు. ఇవాళ విజయవాడలో, విశాఖలో, వరంగల్‌లో, తిరుపతిలో ఏ వీధిలోకి వెళ్లినా పెయింటు బకెట్లలో వంగ, థర్మకోల్ పెట్టెల్లో తోటకూర, గ్రో బ్యాగుల్లో బెండ కనిపిస్తాయి. విత్తనాల గురించి, పశువుల ఎరువు గురించి, వేపపిండి గురించి ఈ తోటల వాళ్లు గంటల తరబడి చెప్పగలరు. ‘రోజుకు ఎన్ని నీళ్లు పోస్తారు?’ అని అడిగితే మాత్రం ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: ‘తడిసేదాకా.’ వేసవిలో తోట నిలవాలంటే ఆ జవాబు చాలదు.

కుండీ మొక్క కష్టం వేరు

నేలలో టమాటా వేరు రెండు మూడు అడుగుల లోతుకు దిగుతుంది. పైమట్టి ఆరితే కింది పొర నుంచి తాగుతుంది. ఒక రోజు నీళ్లు తప్పినా తట్టుకుంటుంది. కుండీలో దానికి దొరికేది అడుగు లోతు. ఆ అడుగు దాటితే ప్లాస్టిక్, దాని కింద కాలే శ్లాబు. నేలలో మొక్క గాదెలో గింజలున్న ఇల్లయితే, కుండీలో మొక్క రోజుకూలీ సంసారం. ఏ రోజు తిండి ఆ రోజే రావాలి.

ఇరవై లీటర్ల బ్యాగునే తీసుకోండి. అందులో కోకోపిట్, కంపోస్టు, మట్టి కలిపిన మిశ్రమం ఉంటే, మొక్క సులువుగా పీల్చుకోగల నీరు సుమారు నాలుగైదు లీటర్లు మాత్రమే. కాపు మీదున్న టమాటా మే నెలలో రోజుకు రెండున్నర లీటర్ల దాకా తాగేస్తుంది. అంటే సాయంత్రానికి బ్యాగులో నిల్వ సగానికి పడిపోతుంది. ఆ సగం దాటాక మొక్క ప్రతి చుక్కకూ పెనుగులాడాలి. పది లీటర్ల బకెట్‌లో అదే మొక్క ఉంటే చీకటి పడకముందే అది ఖాళీ అయిపోతుంది.

రెండో కష్టం వేడి. నేలలో వేరు చుట్టూ మట్టి చల్లగా ఉంటుంది. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండ తగిలే వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే. వేరు 35 డిగ్రీలు దాటితే మందగిస్తుంది. 40 దాటి గంటల తరబడి ఉంటే వేరు కొసలు చచ్చిపోతాయి. నీరు పీల్చేవి ఆ కొసలే. అందుకే ఒక్కోసారి కుండీలో మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిపోతుంది. అది చూసి కంగారుపడి ఇంకో బకెట్ నీళ్లు పోస్తాం. గాలి ఆడని తడిమట్టిలో మిగిలిన వేళ్లు కూడా కుళ్లుతాయి. వేసవిలో ఎండిపోయిన మొక్కలతో పాటు ఇలా మునిగిపోయిన మొక్కలూ ఉంటాయి.

మూడో కష్టం ఎగుడుదిగుడు తడి. ఒక పూట ఎండగట్టి, మరో పూట ముంచెత్తితే నష్టం కాయలో కనిపిస్తుంది. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. చాలామంది గుడ్డు పెంకుల పొడి వేస్తారు, సున్నం నీళ్లు పోస్తారు. మట్టిలో కాల్షియం ఉన్నా దాన్ని కాయదాకా మోసుకెళ్లేది నీరే. ఆ ప్రవాహం తెగిపోతే ఎంత సున్నం వేసినా ఏం లాభం? ఎండగట్టిన కాయకు ఒక్కసారిగా నీళ్లందితే తొక్క పగులుతుంది. నీటి ఎద్దడికి గురైన దోస, బీర, సొర చేదెక్కుతాయి. ఆకుకూరలు తొందరగా పూతకొచ్చి ముదిరిపోతాయి. ఈ జబ్బులన్నిటికీ మందు ఒకటే, తడి ఒకేలా నిలకడగా ఉండటం.

ఎన్ని నీళ్లు కావాలి?

దీనికి లెక్క ఉంది. అది తెలిస్తే వేసవి భయం సగం పోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మే నెలలో తెరిచి ఉంచిన నీటి పళ్లెం నుంచి రోజుకు 10 మిల్లీమీటర్లకు పైగా నీరు ఆవిరవుతుంది. చదరపు మీటరు విస్తీర్ణం మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. గుబురుగా ఎదిగిన మొక్క కూడా ఇంచుమించు అదే వేగంతో నీటిని గాలిలోకి వదులుతుంది. కాబట్టి మొక్క ఆకుల గొడుగు ఎంత వెడల్పుందో చూస్తే దాహం ఎంతో తెలుస్తుంది.

రెండు అడుగుల వెడల్పు గుబురున్న టమాటా లేదా వంగ మొక్క విస్తీర్ణం చదరపు మీటరులో మూడో వంతు కంటే కాస్త తక్కువ. దానికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు కావాలి. అడుగు వెడల్పున్న లేత మొక్కకు ముప్పావు లీటరు చాలు. చదరపు మీటరు తోటకూర మడికి ఎనిమిది నుంచి పది లీటర్లు. పందిరికి పాకిన సొరపాదుకు ఆకులు కమ్ముకున్న విస్తీర్ణాన్ని బట్టి ఇంకా ఎక్కువ. అందుకే తీగజాతిని ఇరవై లీటర్ల బ్యాగులో కాక పెద్ద డ్రమ్ములో, మడిలో వేయాలి. కుండీ సైజు చూసి నీళ్లు పోయడం మనకు అలవాటు. ఆకుల గుబురు చూసి పోయడం నేర్చుకోవాలి.

ఊరును బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. కర్నూలు, అనంతపురం, హైదరాబాద్‌లలో పొడిగాలి మొక్కను పీల్చేస్తుంది. విశాఖలో చెమటలు కారే ఉక్కపోత ఉన్నా గాలిలో తేమ ఉండటం వల్ల మొక్క అంతగా నీరు కోల్పోదు. విజయవాడలో వడగాలి వీచిన రోజు లెక్క వేరు, మబ్బు పట్టిన రోజు లెక్క వేరు. పక్క ఊరి తోట చూసి టైమర్ పెట్టుకుంటే పని జరగదు.

ఇప్పుడు చేతి పైపు సంగతి చూద్దాం. మామూలు ఇంటి పైపు నిమిషానికి పదిహేను లీటర్లు వదులుతుందనుకుంటే, ఒక మొక్కకు రెండున్నర లీటర్లు పడటానికి పది సెకన్లు చాలు. మనం అంతకు రెట్టింపు సేపు నిలబడతాం. ఎండిన కోకోపిట్ ఆ వేగానికి నీటిని పీల్చుకోలేదు. మట్టి కుంచించుకుపోయి కుండీ అంచు వెంట పడిన సందులోంచి నీళ్లు సరాసరి కిందికి జారిపోతాయి. పోతూ పోతూ మనం వేసిన ఎరువు సారాన్ని కూడా పట్టుకుపోతాయి. పైన తడి, కింద మడుగు, మధ్యలో వేరు దగ్గర పొడి మట్టి. ఎన్నో మిద్దెల మీద ప్రతి సాయంత్రం జరిగేది ఇదే.

ఎడారిలో పుట్టి అనంతకు చేరి

చుక్కచుక్కగా నీరివ్వడం మనిషికి కొత్త కాదు. కాల్చిన మట్టికుండను మొక్క పక్కన పాతిపెట్టి, దాని గోడల్లోంచి ఊరే చెమ్మతో మొక్కను పెంచే పద్ధతి రెండు వేల ఏళ్ల నాటి చైనా వ్యవసాయ రచనలోనే ఉంది. మన మెట్ట ప్రాంతాల్లోనూ మామిడి మొక్కలు నాటిన తొలి ఏళ్లలో పక్కన కుండ పాతిన రైతులున్నారు.

ఇవాళ్టి డ్రిప్‌కు మూలపురుషుడు ఇజ్రాయెల్ నీటి ఇంజినీరు సిమ్కా బ్లాస్. 1930లలో ఒకచోట వరసగా ఉన్న చెట్లలో ఒకటి మాత్రం మిగతావాటి కంటే ఏపుగా ఎదగడం ఆయన కంటపడింది. కారణం వెతికితే దాని మొదట్లో కారుతున్న నీటి పైపు అతుకు బయటపడింది. నేల పైన కాస్త తడే కనిపిస్తున్నా కింద వేళ్ల దగ్గర చెమ్మ బాగా పరుచుకుంది. చౌకైన ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆయన ఆ ఆలోచనకు రూపమిచ్చారు. సన్నని రంధ్రం పెడితే పూడుకుపోతుంది కాబట్టి, నీటిని పొడవైన వంకర దారిలో నడిపించి వేగం తగ్గించే డ్రిప్పర్‌ను తయారుచేశారు. 1965లో నెగెవ్ ఎడారిలోని హట్జెరిమ్ కిబ్బుట్జ్ (ఉమ్మడి సాగు పల్లె)తో కలిసి మొదలైన సంస్థే నెటాఫిమ్.

ఆ పద్ధతిని సొంతం చేసుకోవడంలో తెలుగు రైతు వెనకబడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలైంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంతపురం జిల్లాలో బత్తాయి, దానిమ్మ, అరటి తోటలు ఈ నల్ల పైపుల మీదే నిలబడ్డాయి. లేటరల్, సబ్‌మెయిన్, వెంచురీ, ఎండ్ క్యాప్ అనే మాటలు అక్కడి రైతుల నోట కొడవలి, పార అన్నంత సహజంగా పలుకుతాయి. పొలంలో ఎకరాల లెక్కన చేసే పనిని మిద్దె మీద అడుగుల లెక్కన చేసుకోవడమే మనకు మిగిలింది.

ట్యాంకు నుంచి వేరు దాకా

ముప్పై బ్యాగుల తోటకు కావాల్సిన సామాను తక్కువే. ట్యాంకు నుంచి ఒక గేట్ వాల్వ్, దాని తర్వాత ఒక స్క్రీన్ ఫిల్టర్, అక్కడి నుంచి బ్యాగుల వరస వెంట 16 ఎంఎం లేటరల్ పైపు. దానికి రంధ్రాలు చేసి సన్నని మైక్రోట్యూబులు గుచ్చాలి. ప్రతి ట్యూబు కొసన ఒక డ్రిప్పర్, అది కదలకుండా ఒక చిన్న పుల్ల. పైపు చివర ఎండ్ క్యాప్. డ్రిప్పర్లు ఒక్కోటి కొద్ది రూపాయలే. వ్యవసాయ పరికరాల దుకాణాలున్న ఏ ఊళ్లోనైనా ఇవన్నీ దొరుకుతాయి.

అసలు చిక్కు ప్రెషర్ దగ్గర వస్తుంది. డ్రిప్పర్ మీద ‘గంటకు 4 లీటర్లు’ అని రాసి ఉంటే అది సాధారణంగా చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి దగ్గర ఇచ్చే లెక్క. ఆ ఒత్తిడి రావాలంటే ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉండాలి. మన మిద్దె మీద మెట్ల గది నెత్తిన ఉన్న ట్యాంకు మూడు మీటర్ల ఎత్తుంటే గొప్ప. అక్కడ వచ్చేది 0.3 కిలోల ఒత్తిడి. ఒత్తిడి అంత తగ్గితే మామూలు డ్రిప్పర్ గంటకు నాలుగుకు బదులు రెండు లీటర్ల పైచిలుకు ఇస్తుంది. ఇది లోపం కాదు, ముందే తెలిసి ఉండాల్సిన లెక్క. ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం డ్రిప్పర్లు పొలంలో ఎంతో మేలైనవే. వాటిలో చాలావాటికి కనీసం అరకిలో ఒత్తిడి కావాలి కనుక, మోటారు లేని మిద్దె ట్యాంకుకు మామూలు డ్రిప్పర్లే నయం. టైమర్ కొనేటప్పుడూ ఈ జాగ్రత్తే. సోలినాయిడ్ వాల్వ్ రకం తక్కువ ఒత్తిడికి సరిగా తెరుచుకోదు. బాల్ వాల్వ్ ఉన్న బ్యాటరీ టైమర్ ట్యాంకు నీళ్లతో చక్కగా పనిచేస్తుంది. కరెంటు పోయినా దానికి అడ్డులేదు.

అమర్చిన రోజే ఒక పరీక్ష చేయండి. ట్యాంకుకు దగ్గరున్న బ్యాగు దగ్గర, మధ్యలో, చివర ఒక్కో డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి పదిహేను నిమిషాలు నీరు వదలండి. పడిన నీటిని కొలిచి నాలుగుతో గుణిస్తే గంటకు ఎంత ఇస్తుందో తేలుతుంది. అంకెలు ఇంచుమించు దగ్గరగా ఉంటే అమరిక బాగున్నట్టు. చివరి గ్లాసులో బాగా తగ్గితే వరస మరీ పొడవైందని అర్థం. దాన్ని రెండు వరసలుగా విడదీయాలి. టైమర్‌లో పెట్టే నిమిషాలకు ఆధారం ఈ గ్లాసులే.

ఒక్కో బ్యాగుకు ఒక్క డ్రిప్పర్ పెట్టి ఊరుకోవద్దు. కోకోపిట్ ఎక్కువున్న తేలిక మిశ్రమంలో చుక్క పడిన చోటు నుంచి నీరు నిట్టనిలువుగా దిగిపోతుంది, పక్కలకు పాకదు. వేరు ఒకవైపే తడిసి, మిగతా సగం ఎండిపోతుంది. ఇరవై లీటర్ల బ్యాగుకు రెండు డ్రిప్పర్లు, ఎదురెదురుగా, కాండానికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టాలి. ఆకుకూరల మడుల్లో, సిల్పాలిన్ బెడ్లలో డ్రిప్పర్ లోపలే అమర్చి వచ్చే ఇన్‌లైన్ పైపును అడుగు అడుగుకూ వరసగా పరిస్తే తడి సమంగా అందుతుంది.

వేళ తప్పితే వేడినీళ్లే

నల్ల లేటరల్‌లో నిలిచిన నీరు మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. ట్యాంకు నీళ్ల సంగతీ అంతే. ఆ వేళలో మొక్క వాడిందని జాలిపడి వాల్వ్ తిప్పితే మొదట వేళ్ల మీద పడేది ఆ కాగిన నీరే. కాబట్టి ప్రధానమైన తడి తెల్లవారుజామున, నాలుగున్నర ఐదు గంటల మధ్య ఇవ్వాలి. రాత్రంతా చల్లబడిన నీరు వేరుకు చేరి, సూర్యుడు పైకి వచ్చేలోగా మొక్క కడుపు నింపుకుంటుంది. రెండో విడత సాయంత్రం ఎండ వాలాక, శ్లాబు వేడి కాస్త తగ్గాక ఇవ్వాలి. పైపును నేరుగా ఎండ తగలకుండా కుండీల నీడలో నడిపిస్తే, లేదా పాత గోనెసంచి చుడితే ఇంకా మంచిది.

ముప్పై బ్యాగుల తోటకు ఒక లెక్క చెప్పుకుందాం. బ్యాగుకు రెండు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు రెండు లీటర్లు ఇస్తోంది. అంటే బ్యాగుకు గంటకు నాలుగు లీటర్లు. పొద్దున ఇరవై అయిదు నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు నడిపితే రోజుకు సుమారు రెండు లీటర్ల 670 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. మొత్తం తోటకు సుమారు 80 లీటర్లు. రెండు ఆకుకూరల మడులు కలిపినా వంద లీటర్లు. ఒక ఇంటి కూరగాయలు మే నెలను గట్టెక్కడానికి కావాల్సింది అంతే.

మధ్యాహ్నం మొక్క వాడినట్టు కనిపిస్తే వెంటనే నీళ్లకు పరుగెత్తొద్దు. వేరు పీల్చే వేగం కంటే ఆకు వదిలే వేగం ఎక్కువైనప్పుడు ఆకు ముడుచుకుంటుంది. అది మొక్క తనను తాను కాపాడుకునే తీరు. పొద్దువాలాక మళ్లీ నిక్కబొడుచుకుంటే దిగులు లేదు. సాయంత్రం ఏడింటికీ తల ఎత్తకపోతే, లేదా తెల్లారేసరికే వాడి ఉంటే అప్పుడు వేలిని రెండంగుళాల లోతుకు దించి చూడండి. పొడిగా ఉంటే డ్రిప్పర్ పూడుకుపోయిందేమో వెతకాలి. తడిగా ఉంటే నీళ్లు ఆపి, కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి.

డ్రిప్ ఒక్కటే చేయలేని పనులు

డ్రిప్ పెట్టాక మిద్దె ఎక్కడం మానేసిన తోట ఎక్కువ కాలం బాగుండదు. మొదటి శత్రువు బోరు నీటి ఉప్పు. మన నగరాల బోరు నీళ్లు చాలాచోట్ల గట్టినీళ్లు. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా పేరుకునే సున్నం నీటి దారిని మూసేస్తుంది. పదిహేను రోజులకోసారి ఎండ్ క్యాప్ విప్పి పైపులోని మడ్డి పోయేదాకా నీళ్లు వదలాలి, ఫిల్టర్ జాలీ కడగాలి. పూడిన డ్రిప్పర్లను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే సున్నం కరుగుతుంది.

అదే ఉప్పు మట్టిలోనూ పేరుకుంటుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. చుక్కలు పడే చోటుకు దూరంగా కుండీ అంచున తెల్లని పొర కనిపించినా, ఆకు కొసలు మాడుతున్నా కారణం అదే. రెండు మూడు వారాలకోసారి తెల్లవారుజామున చేత్తో నిదానంగా, అడుగు రంధ్రాల్లోంచి కొంత నీరు బయటికి వచ్చేదాకా పోసి ఆ ఉప్పును కడిగేయాలి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిలో ఉప్పులు మరింత చిక్కబడి ఉంటాయి. వేసవిలో కుండీలకు దాన్ని ఒక్కదాన్నే పోయకండి. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు దాదాపు ఉండదు, అది మొక్కలకు బాగా పనికొస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, జీవామృతం మాత్రం డ్రిప్ పైపులోకి వెళ్లనీయకూడదు. వాటిని మొదట్లో చేత్తో పోయడమే క్షేమం.

రెండో శత్రువు ఎర్రనల్లి. వేడి, పొడిగాలి, దుమ్ము పట్టిన ఆకు దానికి అనుకూలం. చేతి పైపుతో నీళ్లు పట్టేటప్పుడు ఆకులు తడిసి ఈ పురుగు కొంత కొట్టుకుపోయేది. డ్రిప్‌లో ఆకు అసలు తడవదు. అందుకే వారానికోసారి పొద్దున్నే ఆకుల అడుగుభాగం తగిలేలా నీళ్లు జల్లాలి. వంగ, బెండ ఆకుల వెనక సన్నని బూజులాంటి అల్లిక కనిపిస్తే అశ్రద్ధ చేయొద్దు.

డ్రిప్‌తో మరో మేలుంది. కుండీల కింద పళ్లాల్లో, శ్లాబు గుంటల్లో నిలిచే నీరు డెంగీ దోమకు పుట్టిల్లు. వారం పది రోజులు నిలిచిన మంచినీళ్లు చాలు దానికి. కొలిచి ఇచ్చిన నీరు కిందికి పొర్లదు. పళ్లాలు తీసేయొచ్చు, శ్లాబూ పాకుడు పట్టదు.

దాహం తగ్గించడం కూడా నీళ్లివ్వడమే

నీరు ఇవ్వడం ఎంత ముఖ్యమో, పోయే నీటిని ఆపడమూ అంతే ముఖ్యం. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది పరచాలి. మట్టి నుంచి నేరుగా ఆవిరయ్యే నీరు బాగా తగ్గుతుంది, వేరు చల్లబడుతుంది. డ్రిప్పర్ ఆ పొర కింద ఉండాలి.

ఏప్రిల్ నుంచి మృగశిర దాకా 35 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. తల మీద ఆరడుగుల పైన కట్టి, పక్కలు గాలి ఆడేలా వదలాలి. కుండీలను శ్లాబు మీద నేరుగా కాక ఇటుకల మీదో, ఇనుప స్టాండు మీదో పెడితే అడుగు కాలదు. పడమటి ఎండ తగిలే వరసకు గోనెపట్టా కట్టొచ్చు, నల్ల బకెట్లకు తెల్ల సున్నం పూయొచ్చు. కుండీలను విడివిడిగా కాక గుంపుగా చేర్చి, పెద్ద మొక్కల నీడ చిన్నవాటి మీద పడేలా సర్దుకోవాలి.

పంట ఎంపికలోనూ వివేకం ఉండాలి. పగలు 38 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. దాన్ని ఏ డ్రిప్పూ ఆపలేదు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో వేసవి టమాటా పండటానికి ఆ ఎత్తు ఇచ్చే చల్లదనం ఒక కారణం. మన మిద్దె మీద ఆ రెండు నెలలు టమాటా మొక్కను కాపాడుకుని, కాపు బరువు బెండ, గోరుచిక్కుడు, వంగ, కాకర, దొండల మీద పెట్టాలి. ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, గంగవాయిలి ఎండకు జంకవు. కొత్తిమీర, పాలకూరలకు నీడ తప్పనిసరి.

డ్రిప్ కొనే వీలు లేనివారికి కుమ్మరి కుండ ఉంది. పెద్ద టబ్బు మధ్యలో, రంగు వేయని చిన్న మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే చుట్టూ ఉన్న మొక్కలకు చెమ్మ ఊరుతూనే ఉంటుంది. మట్టి ఎండేకొద్దీ కుండ ఎక్కువ వదులుతుంది, తడిగా ఉంటే తగ్గించుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఊరెళ్లినా మొక్కలకు ఢోకా ఉండదు.

ఆ నీరు ఎక్కడిది?

ఒక ప్రశ్న నుంచి మిద్దెతోట తప్పించుకోకూడదు. వేసవిలో వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు వరస కడుతుంటే, మన మిద్దె మీద వంగ మొక్కలకు నీళ్లు పోయడం న్యాయమేనా? హైదరాబాద్‌నే చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఈ ఊరి దాహం తీర్చాయి. ఊరు పెరిగాక మంజీర వచ్చింది, ఆ తర్వాత కృష్ణ, గోదావరి వచ్చాయి. ఆ రెండు నదుల నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, విద్యుత్తుతో ఎత్తు ఎక్కి మన కుళాయిలోకి చేరుతోంది. ఆ నీటిని శ్లాబు మీద పారబోసే హక్కు ఎవరికీ లేదు.

నా నమ్మకం ఏమిటంటే, కొలిచి వాడేవాళ్లు నిశ్చింతగా పండించుకోవచ్చు. రోజుకు వంద లీటర్లంటే నెలకు మూడు వేల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్‌లో అరవై శాతం. అదే తోటకు కొలత లేకుండా పైపు పడితే సులువుగా రెట్టింపవుతుంది. అప్పుడు ఆ తోట పక్కింటి బోరు నీటికి పోటీ వస్తుంది. కొలత ఉన్న తోట మాత్రం కూరగాయలిస్తుంది, కింది గదుల వేడి తగ్గిస్తుంది, నీటి విలువ ఇంట్లో పిల్లలకు నేర్పుతుంది. రెంటికీ తేడా కొన్ని మీటర్ల నల్ల పైపు, దాని పక్కన పెట్టిన గ్లాసు.

వేసవి నీటి పట్టిక

ఇరవై లీటర్ల బ్యాగులో ఎదిగిన వంగ, బెండ, టమాటా మొక్కకు, షేడ్‌నెట్ లేని తోటలో సుమారు లెక్క ఇది. మట్టి మీద ఎండుటాకుల పొర (మల్చింగ్), నీడ ఉంటే నాలుగో వంతు తగ్గించి చూడొచ్చు. మీ మట్టిలో వేలు చెప్పిందే చివరి మాట.

ఉగాది రోజులు: రోజుకు లీటరున్నర, పొద్దున ఒకే విడత.

ఏప్రిల్ రెండో సగం: రెండు లీటర్లు, మూడొంతులు పొద్దున, ఒక వంతు సాయంత్రం.

కర్తరి నుంచి రోహిణి దాకా: రెండున్నర నుంచి మూడు లీటర్లు, రెండు విడతలు. పది లీటర్ల బకెట్లకు ఇదే నీటిని మూడు విడతలుగా చేసి, మూడోది రాత్రి తొమ్మిది తర్వాత ఇవ్వాలి.

మబ్బు పట్టిన రోజు: సగం.

మృగశిర తర్వాత మంచి వాన పడిన రోజు: టైమర్ ఆపేయాలి. వానలో కూడా డ్రిప్ నడిచిన తోటల్లో వేరుకుళ్లు మొదలయ్యేది ఇక్కడే.

ఊరెళ్లే ముందు: కనీసం మూడు రోజులు టైమర్‌ను మీ కళ్లముందే నడిపి చూడండి. ట్యాంకులో నీరు చాలుతుందో లేదో లెక్కేయండి. ఎండ్ క్యాప్, బిగింపులు సరిచూసుకోండి. కాపుకొచ్చిన కాయలు కోసేయండి, మొక్క మీద బరువు తగ్గుతుంది. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, రోజుకోసారి మిద్దె మీద ఒక చూపు వేయమని చెప్పండి.

ఈ వేసవిలో తోట మొత్తానికి ఒకేసారి పెట్టుకోనక్కర్లేదు. పది బ్యాగులతో, ఒక వాల్వ్‌తో, ఒక ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. వారం రోజులు గ్లాసుతో కొలిచి, వేలితో తడి చూసి, నిమిషాలు మార్చుకుంటూ వెళ్లండి. ఆ వారంలో మీ మిద్దె గురించి, మీ ట్యాంకు ఎత్తు గురించి, మీ మొక్కల దాహం గురించి ఏ పుస్తకమూ చెప్పలేనంత మీకు తెలుస్తుంది. నేలను వదిలి మన మాట మీద మిద్దె ఎక్కిన మొక్క అది. దానికి భూమి ఇవ్వాల్సిన నిలకడను మనమే ఇవ్వాలి. అది ఇవ్వగలిగితే మే నెలలోనూ మిద్దె మీద కూర కోసుకోవచ్చు.